గూడు బండి కట్టుకోవాలంటే: ఏ చట్రం, ఏ కప్పు, ఏ రంగు?

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల వెనక ఒక పాత బండి కనిపిస్తుంది. ఎద్దులు అమ్మేసి ఏళ్లయింది, కాడి అటకెక్కింది, బండి మాత్రం చింతచెట్టు కింద నొగలు నేలకానించి ఉండిపోయింది. దాని మీద గూడు కట్టి, లోపల పరుపు వేసి, బయట రంగుల బొమ్మలు వేయించి, జీడితోటలోనో చెరువు గట్టునో ఓ రాత్రి గడపాలని చాలామందికి ఉంటుంది. నాకూ ఆ ఆశే. ఇప్పటికి రెండు బండ్లు కట్టాను. రెండోది ఉద్దానంలో మా మేనమామ కొబ్బరితోటలో ఉంది. మొదటిది రెండు వానాకాలాలే నిలిచింది.

ఆ మొదటిదాన్ని పాత ట్రైలర్ చట్రం మీద ప్లైవుడ్ పెట్టెలా కట్టాను. కిటికీలు, తలుపు, గొళ్లేలు, అరలు అన్నీ అయ్యాక, సాలూరులో లారీలకు రంగులేసే ఒక పెద్దాయన్ని తీసుకొచ్చి చూపించాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బొమ్మ ఎక్కడ రావాలో చూసుకోకుండా చెక్క కోయించేశావేటి బావూ?" అన్నారు. నిజమే. ఒక్క పక్కన కూడా రెండడుగుల ఖాళీ పలక లేదు. కిటికీ రెక్క తెరిస్తే బొమ్మ సగానికి తెగిపోతుంది. నీళ్లు కారే చోటే రంగు వేయాల్సి వచ్చింది. రంగు చివరి పని అనుకోవడమే నేను చేసిన తప్పు. చట్రం, కప్పు, రంగు మూడూ ఒకేసారి ఎంచుకోవాలి. కింద రాసినదంతా ఆ లెక్కలోనే చదవండి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: బండి కదలాలా? కదిలితే ఎంత దూరం? తోటలో ఈ మూల నుంచి ఆ మూలకి జరపడం వేరు, జాతీయ రహదారి 16 ఎక్కి కళింగపట్నం దాకా పోవడం వేరు. దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఏడాదికి రెండుసార్లు కూడా కదలని బండికి రోడ్డు ట్రైలర్ ఖర్చు దండగ.

రెండోది గాలి. మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకు, తోటలో ఎత్తుగా నిలబడ్డ చెక్కపెట్టె గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను: నలుగురు మనుషులు అరగంటలో విప్పి కిందికి దించగలిగే గూడే కట్టాలి.

మూడోది ఉప్పు గాలి, తేమ. భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బొబ్బిలి, చీపురుపల్లి వైపు ఆ బాధ తక్కువ, చెదల బాధ ఎక్కువ.

నాలుగోది కాగితాలు. ఎద్దుబండి మోటారు వాహనం కాదు. కారుకో జీపుకో తగిలించి లాగే ట్రైలర్ మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్టరైన బండి రూపం మార్చాలంటే అదే చట్టంలోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. చెక్క కొనకముందే ఆర్టీఓ ఆఫీసుకి ఒకసారి వెళ్లి అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు.

ఐదోది బరువు. గోడకు వాడే సరుకుని బట్టే ఎక్కువ తేడా వస్తుంది. ఒక 8×4 అడుగుల విస్తీర్ణానికి సుమారు లెక్క ఇది:

| సరుకు | బరువు | రంగు పట్టే తీరు |
|---|---|---|
| 12 మి.మీ. ప్లైవుడ్ | 22–25 కిలోలు | బాగా పడుతుంది, అంచులు మూయాలి |
| 6 మి.మీ. ప్లైవుడ్ | 11–12 కిలోలు | బాగా పడుతుంది, వెనక బద్దలు కావాలి |
| 12 మి.మీ. టేకు పలకలు | 22–24 కిలోలు | అతుకుల దగ్గర గీత పగులుతుంది |
| అర మి.మీ. జీఐ (జింకు పూసిన ఇనుప) రేకు | 12 కిలోలు | సరైన ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) లేకపోతే ఊడుతుంది |
| 1 మి.మీ. అల్యూమినియం రేకు | 8 కిలోలు | ప్రైమర్‌తో బాగుంటుంది |
| మందపాటి కాన్వాస్ | 2 కిలోల లోపు | సన్న బొమ్మలకు పనికిరాదు |

ఆరోది రంగుకు చోటు. కాగితం మీద బండి రెండు పక్కలూ, వెనకా గీసుకుని, ఏ పలక ఖాళీగా ఉండాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. పడుకుంటే ఇద్దరికి 6 అడుగుల 3 అంగుళాల పొడవు, 4 అడుగుల వెడల్పు సరిపోతుంది. అంతకంటే పెంచితే బరువు పెరుగుతుంది గానీ సుఖం అంతగా పెరగదు.

చట్రాలు నాలుగు

*పాత ఎద్దుబండి.* చూడ్డానికి దీనికి మించింది లేదు. చక్రం నడిమి నుంచి అంచుకి పోయే ఆకులు, వాటిని కలిపే పూటీలు, చుట్టూ ఇనుప పట్టా, ఇరుసు చివర సీల, అన్నీ రంగు కోసమే పుట్టినట్టుంటాయి. కొనేముందు చక్రాన్ని పైకెత్తి తిప్పి చూడండి. ఆకుని చేత్తో పట్టుకుని ఊపితే కదిలిందంటే ఆ చక్రం పని అయిపోయినట్టే. వేసవిలో కర్ర కుంచించుకుపోయి పట్టా వదులవుతుంది. పూర్వం బండిని చెరువులో నిలబెట్టి కర్రని ఉబ్బించేవారు. రంగు వేసిన చక్రాన్ని అలా నానబెడితే రంగు పొరలుగా లేచిపోతుంది. కాబట్టి ముందు కమ్మరి దగ్గర పట్టా బిగింపు చేయించాలి: పట్టాని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే అది కుంచించుకుని కర్రని నొక్కిపెడుతుంది. ఈ పని తెలిసిన కమ్మరులు తగ్గిపోతున్నారు. మీ మండలంలో ఒకరు దొరికితే బండి కొనండి, దొరక్కపోతే కొనొద్దు అన్నంత గట్టిగా చెప్తాను.

ఎద్దుబండి తొట్టి ఇరుకు. ఒక మనిషికి హాయి, ఇద్దరికి కష్టం. తొట్టిని పక్కలకి పెంచొచ్చు గానీ అప్పుడు చక్రాల పైకి రావాలి, ఎత్తు పెరుగుతుంది, గాలికి నిలవదు. ఇంకో మాట: గూడు, పరుపు, సామాన్లు అన్నీ ఎక్కించాక దాన్ని ఎద్దులకు కట్టి దూరాలు లాగించొద్దు. ఆ బండే ఒక బరువు. ఇది నిలబెట్టుకునే బండి.

*టైర్ల బండి.* బేరింగుల ఇరుసు, రబ్బరు టైర్లు ఉన్న ఈ బండి చాలా ఊళ్లలో పాతది దొరుకుతుంది. తొట్టి వెడల్పు, నేలకు ఎత్తు తక్కువ, లాగడం తేలిక. తోటలో ఇద్దరు మనుషులు తోసినా కదులుతుంది. నా రెండో బండి దీని మీదే కట్టాను. చెప్పుకోవాల్సిన లోపం ఒకటే, రెండు చక్రాల బండి కాబట్టి ఒక చివర ఎక్కి కూర్చుంటే రెండో చివర లేస్తుంది. నిలిపాక నాలుగు మూలలా ఇనుప కాళ్లు దించి బిగించాలి. వాటి కింద ఒక్కో చెక్క ముక్క పెట్టాలి, లేదంటే ఇసక నేలలో దిగిపోతాయి. అందం విషయంలో టైరు చక్రానికి ఎద్దుబండి చక్రం సాటి రాదు. ఆ లోటుని నేను పక్క పలకలతో తీర్చుకున్నాను. చక్రం ముందు పడేలా ఒక అడుగు వెడల్పు పలకని చాపంలా కోయించి, దాని మీదే బొమ్మలు వేయించాను.

*కారు వెనక ట్రైలర్.* ఇది నిజంగా ప్రయాణం చేసేవాళ్లది. ఉదయం విజయనగరంలో బయలుదేరి తాటిపూడి చెరువు దగ్గర మధ్యాహ్నం భోజనం, మర్నాడు తేలినీలాపురంలో వలస పక్షులు, ఇలా తిరగాలంటే ఇదే. ఖర్చు ఎక్కువ, కాగితాలు ఎక్కువ, తప్పులకి శిక్ష కూడా ఎక్కువ. బరువంతా ఇరుసు వెనక పడితే ట్రైలర్ పాములా ఊగుతుంది. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడేలా సామాన్లు సర్దుకోవాలి. హైవే మీద పెద్ద లారీ దాటి పోయినప్పుడు గాలి ముందు తోస్తుంది, ఆ వెంటనే లాగుతుంది. ఎత్తయిన పెట్టె గోడలకు అదే పెద్ద గండం. వెనక లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పనిసరి, వాటిని బొమ్మ మింగేయకూడదు. కదిలే ట్రైలర్ లోపల మనుషులు, ముఖ్యంగా పిల్లలు, కూర్చోకూడదు.

*మినీ ట్రక్కు మీద దించే గూడు.* టాటా ఏస్ లాంటి బండి ఇప్పటికే ఉన్నవాళ్లకి ఇది తెలివైన దారి. తొట్టి సుమారు 7 అడుగుల పొడవు, 4 అడుగుల 9 అంగుళాల వెడల్పు ఉంటుంది, ఇద్దరు పడుకోవచ్చు. గూడుని బండికి వెల్డింగ్ చేయకుండా, కట్టి తీసుకెళ్లే సామానులా ఉంచుకుంటే వారమంతా బండి సరుకుకి తిరుగుతుంది, సెలవు రోజున గూడు ఎక్కుతుంది. పక్కన దించి ఉంచడానికి ఒక బల్ల, ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి. రంగుల మాటకొస్తే, తొట్టి రేకుల వెనక సగం గూడు దాక్కుంటుంది. బొమ్మలకు పై సగమే మిగులుతుంది.

| | ఎద్దుబండి | టైర్ల బండి | ట్రైలర్ | మినీ ట్రక్కు గూడు |
|---|---|---|---|---|
| కదలిక | దాదాపు లేదు | తోట, ఊరి దారులు | ఎక్కడికైనా | ఎక్కడికైనా |
| ఖర్చు | చక్రాల మరమ్మతుని బట్టి | తక్కువ | ఎక్కువ | బండి ఉంటే తక్కువ |
| ఇద్దరికి చోటు | ఇరుకు | బాగుంటుంది | బాగుంటుంది | సరిపోతుంది |
| గాలికి | మధ్యస్థం | మంచిది | కప్పుని బట్టి | దించేయొచ్చు |
| రంగుకు చోటు | చక్రాలు, నొగలు | పక్క పలకలు, గూడు ముఖం | గోడలన్నీ | పై సగం |

కప్పు: వంపా, పెట్టెనా, తాటాకా?

ఇంగ్లండులో ఊరూరూ తిరిగే రోమానీ జనం 19వ శతాబ్దం నడిమి నుంచి గుర్రపు బండ్లలో కాపురాలు చేశారు. వాటిని వార్డో అంటారు. వాటిల్లో రెండు రకాలు మనం చూసి నేర్చుకోదగ్గవి. ఒకటి వంపు కప్పుది: వంచిన కర్రల మీద కాన్వాస్ కప్పి ఉంటుంది, తేలిక, గాలికి తొందరగా పడదు. రెండోది చెక్క గోడలది: గోడలు పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటాయి, లోపల చోటు ఎక్కువ, చెక్కడాలకూ రంగులకూ పెద్ద పలకలు దొరుకుతాయి, బరువు ఎక్కువ. మన గూడు బండి ఈ మొదటిదానికి దగ్గరి చుట్టం లాంటిది. వెదురు బద్దలు వంచి, పైన తడకో చాపో వేసి మన పెద్దవాళ్లు పెళ్లిళ్లకీ తీర్థాలకీ వెళ్లింది అలాంటి గూడులోనే.

నా తీర్పు సూటిగా చెప్పేస్తాను. మన తీరానికి వంపు గూడే సరైనది. గాలి దాని మీదుగా జారిపోతుంది, వాన నిలవదు, విప్పడం సులువు. పెట్టె కావాలనుకుంటే నాలుగున్నర అడుగుల లోపు ఎత్తులో కట్టండి, లోపల నిలబడాలన్న ఆశ వదులుకోండి. రంగులకు చోటు కోసం రెండూ కలిపి కట్టొచ్చు: కింద అడుగున్నర ఎత్తు చెక్క గోడ, పైన వంపు గూడు, ముందూ వెనకా పూర్తి చెక్క ముఖాలు. బొమ్మలన్నీ ఆ ముఖాల మీదా, కింది గోడ మీదా వస్తాయి. కాన్వాస్ మీద ఏమీ రాయాల్సిన పని లేదు.

వంపులకి ఏజెన్సీ వెదురు దొరికితే మంచిది. నీళ్లలో కొన్ని వారాలు ఊరబెట్టి, నీడన ఎండబెట్టి వాడితే పుచ్చు తక్కువ పడుతుంది. తీరం వెంట సరుగుడు తోటలు ఎక్కువ కాబట్టి నిలువు గుంజలకి సరుగుడు చవక, కానీ అది ఎండితే నిలువునా చీలుతుంది, దాని మీద రంగు నిలవదు. ఇంజనీరింగ్ షాపుల్లో పైపు వంచి ఇస్తారు, అది అన్నిటికంటే గట్టిగా నిలుస్తుంది. చట్రపు కర్రలకు మద్ది, తుమ్మ గట్టివి. బొమ్మ చెక్కాలంటే పనస. బొబ్బిలి వీణలు చేసేదీ పనసతోనే, ఉలికి లొంగుతుంది, వన్నె తేలుతుంది.

తాటాకు గూడు అన్నిటికంటే చల్లగా ఉంటుంది, ఎండాకాలంలో లోపల కూర్చుంటే తేడా తెలుస్తుంది. కానీ నిప్పుకి భయం, రెండేళ్లకోసారి మార్చాలి, తేళ్లు చేరతాయి. కదలని బండికైతే వేసుకోండి, పొయ్యి మాత్రం పది అడుగుల దూరంలో పెట్టుకోండి. కాన్వాస్ వేసినా గ్యాస్ సిలిండరు గూడు లోపలికి రాకూడదు.

ప్లైవుడ్ గురించి ఒక హెచ్చరిక. నా మొదటి బండికి ఒక షాపులో వాటర్‌ప్రూఫ్ అని చెప్పి ఇచ్చిన షీట్లు మొదటి వానాకాలానికే పొరలుగా విచ్చుకున్నాయి. ఆ తర్వాత తెలిసింది, మెరైన్ ప్లైవుడ్ అంటే భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉండాలని. ఇప్పుడు కొనేముందు ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, ఇంట్లో గంటల తరబడి నీళ్లలో ఉడకబెడతాను. పొర లేచిందంటే ఆ సరుకు వద్దు. కోసిన అంచులన్నీ ప్రైమర్‌తో మూయాలి, నీరు దూరేది అక్కడి నుంచే. మా వడ్రంగి తాత ఎప్పుడూ ఒకటే అంటాడు: "తడిస్తే కర్రకి ఏటీ అవదు బావూ. నీరు నిలిస్తేనే కుళ్లిపోద్ది." అందుకే అడుగు పలకకు అక్కడక్కడా బెజ్జాలు పెట్టించాను.

అడుగు భాగానికి రంగు వేయక్కర్లేదు. పలాసలో జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె దొరుకుతుంది. పడవల చెక్కకి పూసే ఆ నూనె ఇక్కడా బాగా పనికొస్తుంది, చెదలు దగ్గరికి రావు. చేతులకి మాత్రం తగలనివ్వొద్దు, ఒళ్లు బొబ్బలెక్కుతుంది. రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేకుండా ఆ డబ్బా మూత తీయకండి. ఆ నూనె పూసిన చోట తర్వాత ఎనామిల్ సరిగ్గా ఆరదు కాబట్టి, బొమ్మలు వచ్చే పలకలకు అది తగలకూడదు.

రంగులు

ఇక్కడ నాలుగు దారులున్నాయి. ఒకదాన్నే పట్టుకోనక్కర్లేదు, ఏది ఎక్కడ పనికొస్తుందో తెలిస్తే చాలు.

*లారీ రంగులు.* సాలూరు లారీలకు పేరున్న ఊరు. అక్కడ బాడీ కట్టేవాళ్లు, రంగులేసేవాళ్లు, అక్షరాలు రాసేవాళ్లు ఒకే వీధిలో దొరుకుతారు. ఎనామిల్ రంగు వానకి, దుమ్ముకి ఓర్చుకుంటుంది, చెడిన చోట మళ్లీ దిద్దుకోవచ్చు. తామర పువ్వు, చిలకలు, ఆవూ దూడా, వెనక నరదిష్టి బొమ్మ, వీటిని ఆ చేతులు కళ్లు మూసుకుని వేస్తాయి. బయటి గోడలకి నా ఓటు దీనికే. ఎండ తగిలే పక్క రంగు రెండు మూడేళ్లలో వెలిసిపోతుంది, అది ఒప్పుకునే మొదలుపెట్టాలి.

పని వరస ఇలా ఉండాలి. కర్రని చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, బెజ్జాలు లప్పంతో నింపి, మళ్లీ రుద్ది, పలచని పూత ఒకటి, ఆ తర్వాత రెండు పూతల రంగు, ఆపైన బొమ్మ, చివర వార్నిష్. పూతకీ పూతకీ మధ్య ఒక రాత్రి వదలాలి. తేమ ఎక్కువున్న రోజు వేస్తే మెరుపు మాసిపోయి తెల్లటి మబ్బులా కమ్ముతుంది. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి అనువు.

జీఐ రేకు మీద నేరుగా ఎనామిల్ వేయొద్దు. రేకు మీది జింకు, రంగులోని నూనె కలిసి అడుగున సబ్బు లాంటి పొర ఏర్పడి, కొన్ని నెలలకే రంగంతా పెచ్చులుగా రాలుతుంది. షాపులో జీఐకి పనికొచ్చే ప్రైమర్ అని అడిగి తీసుకోండి. ఇనుము మీదైతే మామూలు రెడ్ ఆక్సైడ్ చాలు.

*ఏటికొప్పాక లక్క.* అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రని మరపట్టు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటి నుంచి రంగులు తీస్తారు. ఆ మెరుపు ఏ ఎనామిల్‌కీ రాదు. కానీ ఆ పద్ధతిలోనే దాని హద్దూ ఉంది: మరపట్టు మీద తిరిగే గుండ్రని వస్తువుకే లక్క పడుతుంది, పలకకు పడదు. వేడికి కరిగి అంటుకున్నది కాబట్టి ఎండ నేరుగా కాల్చే చోట పెట్టకూడదు. లోపలి అరల పిడులు, తలుపు పిడి, ముందరి అరుగుకి చిన్న స్తంభాలు, దీపం వేలాడే గుబ్బలు ఇవన్నీ లక్కతో చేయించుకోండి. నా బండిలో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి, లోపలికి రాగానే అందరి చేతులూ వాటి మీదకే పోతాయి.

*సవర బొమ్మలు.* సీతంపేట, కురుపాం వైపు కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద తెల్లని బియ్యప్పిండితో వేసే బొమ్మలు చూసినవాళ్లు మర్చిపోరు. సన్నని మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, చుట్టూ అంచు. ఈ మధ్య రిసార్టుల గోడల మీద, ఫోన్లో చూసి ఎవరో ఒకరి చేత వీటిని దింపిస్తున్నారు. నాకది నచ్చదు. అవి పెద్దలకీ దేవతలకీ మొక్కుతూ వేసే బొమ్మలు, వాళ్ల ఇంటివి. కావాలనుకుంటే సవర చిత్రకారులనే పిలిపించి, ఏది బండి మీద వేయొచ్చో ఏది వేయకూడదో వాళ్లనే చెప్పనిచ్చి, లారీ పెయింటరుకి ఇచ్చే కూలి కంటే తక్కువ కాకుండా ఇవ్వండి. పద్ధతి తేలిక: ఎర్రమట్టి రంగు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కింద పూత, పైన తెలుపు. రెండే రంగులు కాబట్టి వెలిసినా బండి వికారంగా కనిపించదు. చెక్క ముఖం పెద్దగా, కిటికీలు లేకుండా ఉన్నవాళ్లకి ఇది బాగా నప్పుతుంది.

*ముగ్గులు, గీతలు.* చేయి తిరిగిన పెయింటరు దొరకనివాళ్లకి, డబ్బులు చూసుకునేవాళ్లకి ఇది చాలు. మన ఆడవాళ్ల చేతిలో చుక్కల ముగ్గులు, మెలిక ముగ్గులు ఉన్నాయి. మా అక్క నా బండి కింది గోడ పొడవునా మెలిక ముగ్గు ఒక పూటలో పెన్సిల్‌తో గీసింది, మర్నాడు నేను సన్న కుంచెతో నింపుకున్నాను. పసుపు మీద ఎరుపు వేస్తే విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగ గుర్తొస్తుంది. అమ్మవారి రూపం మాత్రం కాళ్లు తగిలే ఎత్తులో, చక్రం బురద చిమ్మే చోట వేయించొద్దు.

వార్డో బండ్ల నుంచి బొమ్మలు ఎత్తుకురావాల్సిన అవసరం నాకు కనిపించలేదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పని ఒకటుంది: చక్రం ఆకుల అంచులు, చట్రపు కర్రల అంచులు ఏటవాలుగా చెక్కేయడం. దాంతో కర్ర బరువు తగ్గుతుంది, చివర్లలో బలం అలాగే ఉంటుంది, చెక్కిన ఆ వాలుకి వేరే రంగు వేస్తే దూరానికి చెక్కడమంతా మెరుస్తుంది. వాళ్ల ఖరీదైన బండ్ల మీద బంగారు రేకు కూడా అద్దేవారు. మనం ఎరుపు చట్రానికి పసుపు వాలు పెడితే చాలు. ఎద్దుబండి చక్రం ఎంచుకున్నవాళ్లు ఈ ఒక్క పనీ వదలకండి.

ఎవరికి ఏది

సొంత తోట ఉండి, నెలకో రెండు రాత్రులు గడపాలనుకునే కుటుంబానికి టైర్ల బండి, కింద చెక్క గోడ, పైన వంపు గూడు. బయట లారీ రంగులు, లోపల ఏటికొప్పాక పిడులు. ఖర్చు, అందం, తుఫాను భయం మూడింటికీ ఇంతకంటే మధ్యే మార్గం నాకు దొరకలేదు.

తాతల బండి ఇంట్లోనే ఉన్నవాళ్లు దాన్ని అమ్మి టైర్ల బండి కొనొద్దు. ఒకరు పడుకునేలా, ఇద్దరు కూర్చునేలా కట్టుకుని, డబ్బంతా చక్రాల మరమ్మతు మీద, వాటి రంగు మీద పెట్టండి. తాటాకు గూడు దీనికే సరిపోతుంది.

హోమ్‌స్టే నడపాలనుకునేవాళ్లకి అందమైన ముఖం ముఖ్యం, అతిథి భద్రత అంతకంటే ముఖ్యం. కదలని చట్రం, మెరైన్ ప్లైవుడ్ ముఖాలు, సవర చిత్రకారులు వేసిన ఒక పెద్ద బొమ్మ, దాని కింద వాళ్ల పేర్లు. రెండు చివర్లా గాలి ఆడేలా తెరలు, దోమతెర, మంటలు ఆర్పే సిలిండరు. మన ఉక్కపోతలో ఒకే తలుపున్న గూడులో ఎవరూ నిద్రపోలేరు.

రోడ్డెక్కి తిరిగే జంట దగ్గర మినీ ట్రక్కు ఉంటే దించే గూడు, లేకపోతే ట్రైలర్. ట్రైలర్ అయితే ఎత్తు తగ్గించి, అల్యూమినియం రేకుతో తేలిగ్గా కట్టించండి. రంగు విషయంలో వెనక ముఖం మీదే మనసు పెట్టండి, దారంతా వెనకొచ్చేవాళ్లు చూసేది దాన్నే.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న కుర్రాళ్లకి ఒక దారి ఉంది. పాత టైర్ల బండి అద్దెకు తీసుకుని, వెదురు వంపులు, బరకం, ముగ్గులతో ఒక సీజను గడపండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వాన బెడద పెద్దగా ఉండదు. అప్పటికి మీకు ఎంత చోటు కావాలో, ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది, అసలు బండి ఆ కొలతలతో కట్టుకోవచ్చు.

ఏ బండైనా సెప్టెంబరు ఆఖరుకి ఒకసారి విప్పి చూసుకోండి. గూడు బోల్టులకి కందెన రాసి, తేలిగ్గా ఊడేలా ఉంచండి. బొమ్మలున్న చెక్క ముఖాలు ముందే విప్పి ఇంట్లో గోడకి ఆనించి పెట్టండి. మొన్న అక్టోబరులో మా ముఖాలు రెండూ మేనమామ ఇంటి చావడిలో ఉంటే, పక్కింటి పిల్లలు వాటి ముందు కూర్చుని అన్నం తిన్నారు.